బెన్ఫికా శాపం నిజమేనా? బేలా గుట్మన్ ఏ క్లబ్బులోనూ కుదురుగా ఎందుకు లేడు?

మీ ప్రశ్న ఇది: ‘1962లో పోర్చుగల్ ఫుట్‌బాల్ క్లబ్బు బెన్ఫికాను వదిలి వెళ్తూ, ఇంకో వందేళ్లు యూరప్ కప్పు గెలవరని కోచ్ బేలా గుట్మన్ శాపం పెట్టాడట, అప్పటినుంచి ఆ క్లబ్బు యూరప్ ఫైనల్స్‌లో ఎనిమిదిసార్లు ఓడిందట. ఇందులో నిజమెంత? అంత గొప్ప కోచ్ అయితే ఎక్కడా మూడేళ్లు దాటి ఎందుకు నిలవలేదు?’

ముందు సూటి జవాబు. ఎనిమిది ఓటములూ నిజం. శాపం మాత్రం తర్వాత అల్లుకున్న కథలాగే ఉంది. ఎందుకంటే శాపం పెట్టాడంటున్న మనిషే మూడేళ్లు తిరిగేసరికి 1965లో అదే బెన్ఫికాకు మళ్లీ కోచ్‌గా వచ్చి కూర్చున్నాడు. ఇక కుదురుగా ఉండకపోవడం సంగతి. దానికి ఆయన కోపిష్టితనం కొంత కారణమే, కానీ ఎక్కువ భాగం ఆయన కావాలని పెట్టుకున్న పద్ధతి. మూడో సీజన్ కోచ్‌ను ముంచుతుందని గుట్మన్ గట్టి నమ్మకం. ఒప్పందాలు రాయించుకున్నదీ, జట్లు కట్టిందీ ఆ నమ్మకం మీదే.

శాపం కన్నా ఈ రెండో సంగతే నా దృష్టిలో ఆసక్తికరం. అందుకే అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఆటగాడిగా ఎక్కడెక్కడ

గుట్మన్ 1899లో బుడాపెస్ట్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. తల్లిదండ్రులు నాట్యం నేర్పేవారు, ఆయనకూ పదహారేళ్లకే నాట్యశిక్షకుడి అర్హత వచ్చింది. ఆడింది సెంటర్ హాఫ్. ఇప్పటి అర్థంలో స్టాపర్, అంటే ఎదుటి ఫార్వర్డ్‌ను కాసే డిఫెండర్ కాదు. ఆ రోజుల్లో సెంటర్ హాఫ్ అంటే జట్టు నడిబొడ్డున నిలబడి ఆటను పంచేవాడు. బుడాపెస్ట్‌లోని ఎంటీకే తరఫున 1920, 1921 హంగరీ టైటిళ్లు గెలిచాడు. హంగరీలో యూదులపై ద్వేషం ముదురుతున్న కాలం అది. వియన్నా వెళ్లి యూదుల క్లబ్బు హకోవాలో చేరాడు. 1925లో హకోవా ఆస్ట్రియా చాంపియన్ అయింది.

నడుమ 1924 పారిస్ ఒలింపిక్స్. ఆటగాళ్ల కంటే అధికారులే ఎక్కువమంది వచ్చారనీ, దిగిన హోటల్ నిద్రపోవడానికి పనికిరాదనీ గొడవపడ్డాడు. నిరసనగా అధికారుల గది తలుపులకు చచ్చిన ఎలుకలు వేలాడదీశాడని ప్రసిద్ధి. హంగరీ 0-3తో ఈజిప్టు చేతిలో ఓడింది. హంగరీ తరఫున ఆయన ఆడిన మ్యాచ్‌లు మొత్తం నాలుగే. ఇందులో వింతేమీ లేదు. పైవాళ్లతో ఈ తగువు చివరిదాకా ఏ దేశంలోనైనా ఇలాగే నడిచింది.

1926లో హకోవా అమెరికా పర్యటనకు వెళ్లింది. న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో ఒక మ్యాచ్‌కు 46 వేల మంది వచ్చారు. ఆట చూడటానికి అంతమంది వచ్చే చోట జీతమూ బాగుంటుంది. పైగా వియన్నాతో పోలిస్తే ఊపిరి తీసుకోవచ్చు. గుట్మన్‌తో పాటు హకోవా ఆటగాళ్లు చాలామంది అక్కడే ఆగిపోయారు. న్యూయార్క్ జెయింట్స్‌కూ, తర్వాత న్యూయార్క్ హకోవాకూ ఆడి 1929లో అమెరికా జాతీయ కప్పు గెలిచాడు. మద్యనిషేధం నాటి రహస్య బారు ఒకదానిలో వాటా కూడా ఉండేది. అదే ఏడాది వాల్ స్ట్రీట్ కుప్పకూలడంతో కూడబెట్టినదంతా పోయింది. తర్వాతి రోజుల్లో బోనస్ కోసం ఆయన పట్టే పట్టుదలను దురాశ అనేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

కోచ్‌గా: జాబితా కన్నా ఒప్పందాలు చూడాలి

1933 నుంచి 1974 దాకా పన్నెండు దేశాల్లో పనిచేశాడు: ఆస్ట్రియా, నెదర్లాండ్స్, హంగరీ, రొమేనియా, ఇటలీ, అర్జెంటీనా, సైప్రస్, బ్రెజిల్, పోర్చుగల్, ఉరుగ్వే, స్విట్జర్లాండ్, గ్రీస్. ఈ వరసను ఊరికే చదివితే తిరుగుబోతు అనిపిస్తుంది. ఎక్కడ ఏ షరతు మీద చేరాడు, ఏ షరతు దగ్గర తెగతెంపులయ్యాయి అని చూస్తే ఒక పద్ధతి బయటపడుతుంది.

గెలుపుకు విడిగా డబ్బు. నెదర్లాండ్స్‌లో ఎన్‌షెడె క్లబ్బుకు వెళ్లినప్పుడు (1935), జట్టు జాతీయ చాంపియన్ అయితే పెద్ద మొత్తం ఇవ్వాలని రాయించుకున్నాడు. ఎలాగూ జరిగేది కాదులే అని క్లబ్బు పెద్దలు నవ్వుతూ సంతకం పెట్టారు. తీరా జట్టు టైటిల్ దరిదాపులకు వెళ్లేసరికి, ఆ డబ్బు ఎక్కడినుంచి తేవాలో తెలియక అధ్యక్షుడు ఓటమి కోసం మొక్కుకున్నాడని ఒక కథ చెప్పుకుంటారు. కథ సంగతెలా ఉన్నా లెక్క అర్థమవుతుంది. నెలజీతం తక్కువైనా పర్వాలేదు, ఫలితానికి వాటా కావాలి.

జట్టు విషయంలో మాట ఒక్కరిదే. 1947 నవంబరులో హంగరీ క్లబ్బు కిష్పెష్ట్ (తర్వాతి హోన్వేద్) జట్టు గ్యోర్‌లో ఆడుతోంది. డిఫెండర్ పాతీ మోటుగా ఆడుతున్నాడని, రెండో సగంలో మైదానంలోకి దిగొద్దన్నాడు గుట్మన్. సబ్‌స్టిట్యూట్లు లేని రోజులు. అంటే పది మందితో ఆడటానికి సిద్ధపడ్డాడన్నమాట. జట్టులోని ఇరవై ఏళ్ల పుష్కాష్ మాత్రం పాతీని ఆడమన్నాడు, అతను ఆడాడు. గుట్మన్ ఒక్క మాట అనకుండా స్టాండ్‌లోకి వెళ్లి, గుర్రప్పందేల పత్రిక తెరిచి, మ్యాచ్ అయ్యేదాకా చదువుకుని, ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ క్లబ్బు గడప తొక్కలేదు. ఈ పుష్కాషే పదిహేనేళ్ల తర్వాత మళ్లీ ఎదురుపడతాడు, గుర్తుంచుకోండి.

పట్టికలో పైన ఉండగా తీసేయకూడదు. ఇది ఇటలీ క్లబ్బు ఏసీ మిలన్ నేర్పిన పాఠం. నోర్డాల్, లీడ్‌హోల్మ్, స్కియాఫినో లాంటి మేటి ఆటగాళ్లు ఉన్న జట్టది. 1955 ఫిబ్రవరిలో, సీజన్ సగం దాటి లీగ్‌లో మొదటి స్థానంలో ఉండగానే ఆయన్ను తొలగించారు. యాజమాన్యంతో పడలేదు, అంతే. ఆ సీజన్ టైటిల్ మిలన్‌కే వచ్చింది. ఆ దెబ్బతో తర్వాతి ఒప్పందాల్లో ‘జట్టు అగ్రస్థానంలో ఉంటే తొలగించరాదు’ అన్న షరతు పెట్టించాడంటారు.

అన్ని షరతులూ డబ్బు చుట్టూ తిరగలేదు లెండి. యుద్ధం ముగిసిన కొత్తలో బుకారెస్ట్‌లో చొకానుల్ క్లబ్బులో చేరినప్పుడు జీతం తిండిరూపంలో అడిగాడు. ఆకలి కాలంలో నోట్లకన్నా కూరగాయలే నయం.

ఆ యుద్ధకాలాన్ని ఒక్క మాటతో దాటేయలేం. 1939లో ఉయ్‌పెష్ట్ క్లబ్బుకు హంగరీ టైటిలూ, మధ్య యూరప్‌లో అప్పటి పెద్ద పోటీ అయిన మిత్రోపా కప్పూ అందించిన కోచ్, కొన్నేళ్లకే ప్రాణం అరచేత పట్టుకుని అటకపై దాక్కున్నాడు. తర్వాత వెట్టిచాకిరీ శిబిరంలో పడ్డాడు. 1944 చివర్లో కొందరితో కలిసి అక్కడినుంచి దూకి తప్పించుకున్నాడు. వాళ్లలో ఒకరు ఎర్నో ఎర్బ్‌స్టైన్. తర్వాత టోరినో జట్టును తీర్చిదిద్దింది ఆయనే, 1949లో సుపెర్గా విమాన ప్రమాదంలో ఆ జట్టుతోపాటే పోయిందీ ఆయనే. గుట్మన్ తండ్రినీ సోదరినీ నాజీలు చంపేశారు. ఆయన దీని గురించి బయట దాదాపు మాట్లాడలేదు. ఏ ఊరినీ సొంత ఊరనుకోకపోవడానికి ఇంతకంటే కారణం వెతకనక్కర్లేదు.

మూడో సీజన్‌లో ఏం చెడుతుంది

ఆయన వాదన ఇలా ఉంటుంది. మొదటి ఏడాది ఆటగాళ్లు కొత్త కోచ్‌ను చూసి భయపడతారు, చెప్పింది చేస్తారు. రెండో ఏడాది ఆ పని అలవాటై ఫలితం వస్తుంది. మూడో ఏడాది ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో ఆటగాళ్లకు ముందే తెలుసు. గెలిచినవాళ్లకు ఆకలి తగ్గుతుంది. ఎదుటి జట్లు ఈ ఆటకు విరుగుడు కనిపెట్టేసి ఉంటాయి. అప్పుడు జట్టునైనా మార్చాలి, కోచ్‌నైనా మార్చాలి. జట్టును మార్చడానికి యాజమాన్యం ఒప్పుకోదు కాబట్టి కోచే మూట కట్టుకోవాలి.

బెన్ఫికాలో ఇది ఎంతవరకు నిలిచిందో చూడండి. 1959-60, 1960-61 సీజన్లలో పోర్చుగల్ లీగ్ గెలిచింది. మూడో సీజన్ 1961-62లో లీగ్‌లో మూడో స్థానానికి జారింది, టైటిల్ ప్రత్యర్థి క్లబ్బు స్పోర్టింగ్‌కు పోయింది. కానీ ముందు ఏడాది గెలిచిన యూరోపియన్ కప్పును (యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ) అదే సీజన్‌లో నిలబెట్టుకుంది. సూత్రం సగం నిజమైంది. మిగతా సగాన్ని తప్పని తేల్చింది యూసేబియో అనే కుర్రాడు. కొత్త రక్తం ఒక్కటి ఎక్కినా మూడో ఏడాది విషం విరుగుతుందని దీన్నిబట్టి నేననుకుంటాను. గుట్మన్ మాత్రం అలా అనుకోలేదు.

ఆయన ఆట ఏమిటి: 4-2-4

అప్పటి వాడుక డబ్ల్యూ-ఎం. వెనక ముగ్గురు, వాళ్ల ముందు ఇద్దరు హాఫ్ బ్యాక్‌లు, వాళ్ల ముందు ఇద్దరు ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లు, పైన ముగ్గురు. ఇందులో స్టాపర్‌ది ఒకటే పని, ఎదుటి సెంటర్ ఫార్వర్డ్‌ను వదలకుండా కాయడం. హంగరీవాళ్లు ఆ ఫార్వర్డ్‌ను వెనక్కి లాగారు. 1953లో వెంబ్లీలో హిడెగ్కుటి వెనక్కి దిగితే, వెంట వెళ్లాలా, ఉన్నచోటే ఉండాలా తెలియక ఇంగ్లండ్ స్టాపర్ తికమకపడ్డాడు. వెళ్తే వెనక ఖాళీ. ఉంటే హిడెగ్కుటికి అడ్డెవరూ లేరు. ఫలితం 6-3. వెనక్కి దిగిన ఫార్వర్డ్ స్థానాన్ని ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లు పైకెళ్లి నింపారు. ఒక హాఫ్ బ్యాక్ స్టాపర్ పక్కకు జరిగాడు. అలా వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు తేలారు.

ఇందులో లాభం తేలిగ్గానే కనిపిస్తుంది. దాడికి నలుగురికి నలుగురు, స్టాపర్‌కు పక్కన తోడు. చెడేది మధ్యలో. ఉన్నది ఇద్దరే. ఎదుటివాళ్లు అక్కడ ముగ్గురిని నిలబెడితే బంతి మనకు దొరకదు. అందుకే వింగర్లలో కనీసం ఒకడు వెనక్కి పరుగెత్తగలగాలి. వెనక నలుగురూ ఒకే గీత మీద ముందుకు జరగాలి. బంతిని ఆపి చూసి ఇవ్వడం కాకుండా వచ్చింది వచ్చినట్టు అందించాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా గోల్స్ పడతాయి. గుట్మన్ జట్లకు పడ్డాయి కూడా. ఎదుటివాళ్లు ఎన్ని కొట్టినా మనం ఒకటి ఎక్కువ కొడతాంలే అన్నది ఆయన ధోరణి.

1957లో సావో పాలో క్లబ్బుకు వెళ్లి, ముప్పై అయిదు దాటిన ఆటగాడు జిజిన్యోను మధ్యలో ఉంచి ఆ ఏడాది పౌలిస్టా, అంటే సావో పాలో రాష్ట్ర టైటిల్ గెలిచాడు. అక్కడ ఆయనతో కలిసి పనిచేసిన విసెంటె ఫియోలా మరుసటి ఏడాది బ్రెజిల్‌కు మొదటి ప్రపంచకప్ తెచ్చాడు, అదీ 4-2-4తోనే. ఇక్కడ ఒక హెచ్చరిక. ‘బ్రెజిల్‌కు 4-2-4 నేర్పింది గుట్మనే’ అని రాసేవాళ్లను నమ్మకండి. పరాగ్వే నుంచి వచ్చిన ఫ్లెయితాస్ సోలిచ్ ఫ్లమెంగోలో అలాంటి ఆటే ముందునుంచీ ఆడిస్తున్నాడు. గుట్మన్ చేసింది ఆ ఆటకు వేగం జోడించడం, ముందుకు సూటిగా పోయేలా చేయడం.

మనవైపు నుంచి ఒక్క ముక్క. హైదరాబాద్ రహీం సాబ్ కోచ్‌గా భారత జట్టు 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. ఆ ఒలింపిక్స్‌లోనే హంగరీ స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్‌లో మనవాళ్లు నాలుగో స్థానం దాకా వెళ్లినప్పుడు సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి దించే ఆట రహీం చేతిలో ఉందని ఆ తరంవాళ్లు చెబుతారు. గుట్మన్‌కూ రహీంకూ సంబంధమేమీ లేదు, ఇద్దరూ నీళ్లు తోడుకున్న బావి మాత్రం ఒకటే.

పోర్టో, తర్వాత బెన్ఫికా

1958-59లో పోర్చుగల్ క్లబ్బు పోర్టోకు వచ్చి, వెనకబడి ఉన్న జట్టుతో బెన్ఫికాను అందుకున్నాడు. ఆఖరి రోజు రెండు జట్లకూ సమాన పాయింట్లు. పోర్టో 3-0తో గెలిచింది. లిస్బన్‌లో బెన్ఫికా 7-1తో గెలిచింది, పైగా అక్కడ రిఫరీ కలబోత్ అదనపు నిమిషాలు ఇస్తూ పోయాడు. పోర్టో ఆటగాళ్లు తమ మ్యాచ్ ముగిశాక కూడా మైదానంలోనే కాచుకుని నిలబడ్డారు. టైటిల్ పోర్టోదే, ఒకే ఒక్క గోల్ తేడాతో. వెంటనే గుట్మన్ వెళ్లి చేరింది ఎక్కడనుకున్నారు? ఓడిపోయిన బెన్ఫికాలో.

అక్కడ ఇరవై మంది దాకా ఆటగాళ్లను పంపించేసి కుర్రాళ్లను పైకి తెచ్చాడంటారు. ఆయన అభిమానులు చెప్పని సంగతి ఒకటుంది. ఆయనకు ముందు అయిదేళ్లు అక్కడ పనిచేసిన బ్రెజిల్ కోచ్ ఒట్టో గ్లోరియా ఆ క్లబ్బును వృత్తిక్రమంలో పెట్టాడు. ఆటగాళ్లు ఒకేచోట ఉండే వసతిగృహం, క్రమశిక్షణ, సాధన వేళలు అన్నీ ఆయన చలవే. దున్నిన పొలంలో గుట్మన్ విత్తాడు.

1961 మే 31న బెర్న్‌లో ఫైనల్, బార్సిలోనాపై 3-2. బార్సిలోనా షాట్లు పదేపదే గోల్ స్తంభాలకు తగిలి తిరిగొచ్చాయి. ఆ జట్టులోని హంగరీవాళ్లు కోచిష్, చిబోర్ ఏడేళ్ల కిందట ఇదే మైదానంలో ఇదే 3-2తో ప్రపంచకప్ ఫైనల్ ఓడారు. అదృష్టం బెన్ఫికా పక్షాన ఉందని ఒప్పుకోవాల్సిందే. యూసేబియో ఈ మ్యాచ్‌లో లేడు, చాలామంది పొరబడతారు.

అతను మొజాంబిక్ కుర్రాడు, స్పోర్టింగ్‌కు అనుబంధమైన క్లబ్బులో ఆడేవాడు. సావో పాలో రోజులనుంచి గుట్మన్‌కు తెలిసిన బ్రెజిల్ మాజీ ఆటగాడు బవర్ లిస్బన్‌లో ఓ మంగలిషాపులో తారసపడి ఈ కుర్రాడి సంగతి చెప్పాడనేది ప్రచారంలో ఉన్న కథ. 1960 డిసెంబరులో వచ్చిన కుర్రాణ్ని స్పోర్టింగ్ ఎత్తుకుపోకుండా దక్షిణాన ఓ హోటల్లో దాచారు.

1962 మే 2, ఆమ్‌స్టర్‌డామ్, రియల్ మాడ్రిడ్. పుష్కాష్ మొదటి సగంలోనే మూడు గోల్స్ కొట్టాడు. విరామానికి రియల్ 3-2 ఆధిక్యం. ఇక్కడ గుట్మన్ ఏం చేశాడన్నది ప్రతి కోచ్ చదవాల్సిన పాఠం. పుష్కాష్‌ను కట్టడి చేయబోలేదు. అతనికి బంతి అందిస్తున్నది డి స్టెఫానో కాబట్టి, ఆ నీటికాలువ మొదట్లోనే గండి పెట్టాడు. కవేంను డి స్టెఫానో వెంటే ఉండమన్నాడు. అంతకు ముందు ఏడాది ఫైనల్లో ఈ కవేం లెఫ్ట్ వింగర్. రెండో సగంలో రియల్‌కు ఒక్క గోల్ రాలేదు. కోలునా సమం చేశాడు, యూసేబియో రెండు కొట్టాడు, ఒకటి పెనాల్టీ. 5-3.

మరి శాపం?

ఆ గెలుపు తర్వాత ఎక్కువ డబ్బు అడిగాడు. ఒప్పందంలో లేదన్నారు. లీగ్ గెలిస్తే వచ్చే బోనస్ కన్నా యూరప్ గెలిస్తే వచ్చేది తక్కువగా ఉందని ఆయన గోల. ఒప్పందం రాయించుకున్నది తనే కదా, కాబట్టి న్యాయం క్లబ్బు పక్షానే ఉంది. పెట్టె సర్దుకుని ఉరుగ్వేలోని పెన్యారోల్‌కు వెళ్లాడు. ‘వందేళ్లు’ మాట ఈ సందర్భానిదే అంటారు.

ఓటములను ఒక్కొక్కటిగా చూస్తే శాపం అవసరం తగ్గుతుంది. 1963లో మిలన్‌పై ముందు గోల్ బెన్ఫికాదే. కోలునా గాయపడ్డాడు, సబ్‌స్టిట్యూట్లు లేరు, 1-2. 1965లో ఇంటర్‌తో ఫైనల్‌ను ఇంటర్ సొంత మైదానం సాన్ సీరోలోనే పెట్టారు. వానలో గోల్ కీపర్ చేతుల్లోంచి బంతి జారింది, తర్వాత అతను గాయపడితే డిఫెండర్ జెర్మానో గోల్‌లో నిలబడ్డాడు, 0-1. 1968లో మాంచెస్టర్ యునైటెడ్‌తో వెంబ్లీలో, అంటే మళ్లీ ప్రత్యర్థి దేశంలోనే, అదనపు సమయంలో మూడు గోల్స్ పడ్డాయి. 1983లో ఆండర్లెక్ట్. 1988లో పీఎస్‌వీ, పెనాల్టీలు. 1990లో గుల్లిట్, వాన్ బాస్టెన్‌ల మిలన్, రైకార్డ్ గోల్. 2013లో చెల్సీ, ఆఖరి క్షణాల్లో ఇవానోవిచ్ తలతో కొట్టిన గోల్. 2014లో సెవిల్లా, మళ్లీ పెనాల్టీలు.

1990 ఫైనల్ వియన్నాలోనే జరిగింది. 1981లో చనిపోయిన గుట్మన్ సమాధి ఆ ఊళ్లోనే ఉంది. మ్యాచ్‌కు ముందు యూసేబియో వెళ్లి ప్రార్థించాడు. ఫలితం మీకు తెలిసిందే. 2022లో బెన్ఫికా కుర్రాళ్లు యూరప్ క్లబ్బుల యూత్ లీగ్ ఫైనల్లో సాల్జ్‌బర్గ్‌ను 6-0తో కొట్టారు. శాపం పెద్దవాళ్లకే వర్తిస్తుందని నమ్మేవాళ్లు సర్దిచెప్పుకున్నారు.

అసలు శాపం తగిలింది ఎవరికైనా ఉంటే గుట్మన్‌కే. 1965-66లో తిరిగొచ్చినప్పుడు లీగ్ స్పోర్టింగ్‌కు పోయింది. యూరోపియన్ కప్పు క్వార్టర్ ఫైనల్లో జార్జ్ బెస్ట్ చెలరేగితే లిస్బన్‌లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 1-5. ఆ తర్వాత సెర్వెట్, పనథినైకోస్, ఆస్ట్రియా వియన్నా, చివరికి మళ్లీ పోర్టో. వీటిలో ఎక్కడా పాత వెలుగు లేదు. ఆటగాళ్ల పరుగు పెరిగింది, మధ్యలో ఇద్దరితో నెట్టుకొచ్చే రోజులు పోయాయి. ఇంగ్లండ్ 1966లో వింగర్లే లేకుండా ప్రపంచకప్ గెలిచింది. ఊళ్లు మార్చినంత తేలిగ్గా ఆయన ఆట మార్చలేదు.

1962 ఫైనల్ దృశ్యాలు దొరికితే రెండో సగం మాత్రం చూడండి. బంతి వెంట కాకుండా డి స్టెఫానో పక్కన కవేం ఎక్కడున్నాడో చూస్తూ, పుష్కాష్‌కు బంతి ఎన్నిసార్లు అందిందో లెక్కపెట్టండి. మొదటి సగంతో పోల్చుకుంటే ఆయన ఎలాంటి కోచో అక్కడే తెలిసిపోతుంది.